గడియ లోపలి నుంచే పెట్టి ఉంది

ప్రతి ఏడాదీ మన వార్షికోత్సవ సంచికలో పుస్తక పఠనం గురించి ఒక వ్యాసం తప్పకుండా ఉంటుంది. మహానుభావుల జీవిత చరిత్రలు చదవండి, పోటీ పరీక్షల పుస్తకాలు చదవండి, రోజూ పేపరు చదవండి అని పెద్దలు రాస్తారు. ఆ మాటల్లో తప్పేమీ లేదు. మేమూ అలాగే చదువుకున్నాం. అయితే ఈసారి సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థులుగా మమ్మల్ని అడిగినప్పుడు, ఎవరూ చదవమని చెప్పని పుస్తకాల గురించి రాస్తామన్నాం. జపాను వాళ్ల డిటెక్టివ్ నవలలు, అందులోనూ మూసిన గదిలో హత్య జరిగే నవలలు. అడిగిన తమ్ముడు కాసేపు ఊరుకుని, "అవి చదివితే ఏమొస్తుందన్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ వ్యాసం అతనికి జవాబు.

మూసిన గది కథ అంటే ఇదీ సంగతి. గదికి లోపలి నుంచి గడియ పెట్టి ఉంటుంది. కిటికీలు బిగించి ఉంటాయి. తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్తే శవం కనబడుతుంది, చంపినవాడు కనబడడు. వాడు బయటికి ఎలా పోయాడు? లోపలికి ఎలా వచ్చాడు? ఈ రకం కథకు అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో 1841లో దారి వేశాడు. ఫ్రాన్సులో గాస్టన్ లెరూ 1907లో పసుపు గది రహస్యం రాశాడు. జాన్ డిక్సన్ కార్ అయితే 1935లో రాసిన నవల మధ్యలో కథ ఆపేసి, మూసిన గదిలో హత్య ఎన్ని రకాలుగా చేయవచ్చో డిటెక్టివ్ చేత ఒక అధ్యాయం నిండా పాఠం చెప్పించాడు. మా లెక్కల సారు కూడా అంత శ్రద్ధగా పాఠం చెప్పలేదు.

ఇవన్నీ వాళ్ల దేశాల గదులు. మందపాటి గోడలు, బరువైన తలుపులు, తాళంచెవి పెట్టే కన్నాలు. నిజం చెప్పాలంటే మొదట్లో అవి మాకు ఎక్కలేదు. మనకు గది ఎక్కడిది? పొడుగాటి హాలు, వరసగా చాపలు, తలాపున ఒక్కో రేకు పెట్టె. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ లోపలి నుంచి గడియ పెట్టుకునే చోటు ఒక్క స్నానాల గదే, దానికీ సగం రోజులు గడియ ఉండేది కాదు. ఒంటరిగా గది తలుపు వేసుకుని కూర్చున్న దొరగారిని ఎవరో చంపారంటే, ముందు మాకు ఆశ్చర్యం కలిగింది హత్య గురించి కాదు, ఆ ఒంటరి గది గురించి.

జపాను వాళ్లకూ ఇదే ఇబ్బంది. వాళ్ల పాత ఇళ్లలో గదికీ గదికీ మధ్య ఉండేది కర్ర చట్రానికి కాగితం అతికించిన జరుపుడు తలుపులు. వేలితో పొడిస్తే చిరుగుతాయి. అటు దగ్గితే ఇటు వినబడుతుంది. అలాంటి ఇంట్లో మూసిన గది ఎలా కుదురుతుంది? ఈ సవాలును మొదట తీసుకున్నవాళ్లలో ఎదొగావా రాంపో ఒకడు. అసలు పేరు హిరాయి తారో. కలం పేరును గబగబా పలికి చూడండి, ఎడ్గార్ అలన్ పో అని వినబడుతుంది. గురువు పేరునే తన పేరు చేసుకున్నాడన్నమాట. 1925లో రాసిన 'డి కొండవాలు హత్య' అనే కథలో పాత పుస్తకాల షాపతని భార్య ఇంటి లోపల చనిపోయి ఉంటుంది. తలుపు కమ్మీల సందుల్లోంచి హంతకుణ్ణి చూశామని ఇద్దరు విద్యార్థులు సాక్ష్యం చెబుతారు. ఒకడు నల్లబట్ట కట్టుకున్నాడంటాడు, ఇంకొకడు తెల్లబట్ట అంటాడు. ఇద్దరూ అబద్ధమాడేవాళ్లు కారు. ఇంతకీ కథ చెప్పే కుర్రవాడు ఎవరిని అనుమానిస్తాడనుకున్నారు? చారల బట్ట కట్టుకుని తిరిగే తన పేద స్నేహితుణ్ణి. కమ్మీల సందుల్లోంచి చూస్తే చారలు ఒకరికి నలుపుగా, ఒకరికి తెలుపుగా కనబడ్డాయని అతని లెక్క. లెక్క బాగానే ఉంది. సరైనదా కాదా అన్నది చదివి తెలుసుకోండి. ఆ స్నేహితుడే తర్వాత జపానులో పేరుమోసిన డిటెక్టివ్ పాత్ర, అకెచి.

తర్వాత యుద్ధం రోజులు వచ్చాయి. ఆ ప్రభుత్వానికి డిటెక్టివ్ కథలంటే గిట్టలేదు. 1939లో రాంపో కథ ఒకదాన్ని పుస్తకంలోంచి మొత్తంగా తీసేయించారు. రాసేవాళ్లు చాలామంది వేరే రాతల్లోకి పోయారు. వాళ్లలో సెయిషీ యొకొమిజో ఒకడు. కోబెలో పుట్టాడు, మందుల చదువు చదివి మందుల షాపులో పని చేశాడు, రాంపో పిలిస్తే టోక్యో వచ్చి పత్రికలో చేరాడు, క్షయ వచ్చి మంచం పట్టాడు. 1945లో బాంబుల భయానికి కుటుంబంతో ఒకాయామా జిల్లాలో ఒక పల్లెకు పోయి తలదాచుకున్నాడు. ఆ పల్లెటూళ్ల ఇళ్లు, వంశాలు, పంతాలు చూశాడు. యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1946లో, 'హోసెకి' అనే కొత్త పత్రికలో 'హోంజిన్ హత్యలు' సీరియల్ మొదలుపెట్టాడు. 1948లో జపాను డిటెక్టివ్ రచయితల సంఘం ఇచ్చిన మొట్టమొదటి బహుమతి ఆ నవలకే వచ్చింది.

హోంజిన్ అంటే పూర్వం ప్రభువులు రాజధానికి పోతూ వస్తూ దారిలో బస చేసే ఇల్లు. అలాంటి ఇంటివాళ్లమని ఇచియనాగి కుటుంబానికి గొప్ప. ప్రభువులు పోయి ఎన్నో ఏళ్లయినా గొప్ప పోలేదు. కథ 1937లో జరుగుతుంది. ఆ ఇంటి పెద్దకొడుకు కెంజో ఒక పంతులమ్మను పెళ్లి చేసుకుంటానంటాడు. ఆమె పేరు కత్సుకో. ఆమె తండ్రి ఒకప్పుడు కౌలు రైతు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అమెరికా పోయి, పండ్లతోటల పని నేర్చుకుని వచ్చి, సొంత తోట వేసి పైకొచ్చినవాడు. డబ్బుంది, చదువుంది, అయినా వంశం లేదని ఇంటిల్లిపాదీ అడ్డం తిరుగుతారు. ఈ పేజీలు చదువుతున్నప్పుడు మాకు జపాను ఎక్కడో ఉందనిపించలేదు. ఇంటి పేరు అడిగి, ఊళ్లో ఏ వైపు ఇల్లు అని అడిగి, ఆ తర్వాత మాట మార్చేవాళ్లను మనం ఎరుగుదుం కదా.

పెళ్లయిన రాత్రే, ఇంటికి కొంచెం ఎడంగా తోటలో ఉన్న విడి ఇంట్లో, కొత్త దంపతులిద్దరూ కత్తి వేట్లకు చనిపోతారు. తెల్లవారుజామున కేక వినబడుతుంది. వెంటనే కోతో అనే తంత్రీవాద్యాన్ని ఎవరో పిచ్చిగా మీటిన చప్పుడు వస్తుంది. పరిగెత్తుకుని వస్తే తలుపులన్నీ లోపలి నుంచి బిగించి ఉంటాయి. చుట్టూ మంచు పరుచుకుని ఉంటుంది, దానిమీద పారిపోయినవాడి అడుగు ఒక్కటీ ఉండదు. నెత్తురంటిన కత్తి మాత్రం బయట మంచులో నిలువుగా గుచ్చి ఉంటుంది. కాగితం తలుపుల దేశంలో యొకొమిజో మూసిన గదిని ఇలా కట్టాడు. గోడలతో సగం, మంచుతో సగం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. పెళ్లికి ముందు ఆ ఊరికి ఒక మనిషి వస్తాడు. చిరిగిన బట్టలు, మొహం మీద గాటు, కుడిచేతికి మూడే వేళ్లు. దారిలో మంచినీళ్లు అడిగి తాగి, ఇచియనాగి వాళ్ల ఇల్లెక్కడని అడుగుతాడు. హత్య జరిగిన గదిలో మూడు వేళ్ల నెత్తుటి గుర్తులు దొరుకుతాయి. ఇంకేం కావాలి? ఊరంతా ఒకటే మాట. ఆ మూడు వేళ్లవాడే. పోలీసులదీ అదే మాట. వాడు ఎలా లోపలికి పోయాడు, మంచుమీద అడుగు పడకుండా ఎలా బయటపడ్డాడు అన్నది ఎవరికీ పట్టలేదు. ఎవరో తెలిసిపోయాక ఎలా అన్నదానితో పనేముంది?

అక్కడికి చింపిరి జుట్టు గోక్కుంటూ, నత్తి మాటలతో, నలిగిన పాత బట్టల్లో ఒక కుర్ర డిటెక్టివ్ వస్తాడు. పేరు కిందాయిచి కొసుకె. ఇతన్ని పిలిపించింది పెళ్లికూతురి చిన్నాన్న, కౌలు రైతు ఇంటి మనిషి. అమెరికాలో చెడిపోయి తిరుగుతున్న ఈ కుర్రవాడికి డబ్బిచ్చి చదివించింది కూడా ఆయనే. హాస్టల్లో చదువుకున్న మాకు ఈ సంగతి ఎంత నచ్చిందో వేరే చెప్పాలా? ఆ గొప్ప ఇంటి రహస్యం విప్పే తెలివి, ఆ ఇంటివాళ్లు చిన్నచూపు చూసిన మనిషి డబ్బుతో చదువుకున్నది. కిందాయిచి అడిగే మొదటి ప్రశ్న ఎవరు అని కాదు, ఎలా అని. మూడు వేళ్ల మనిషి సంగతి ఏమైందో మేము చెప్పం. చెబితే పుస్తకం పాడవుతుంది.

మేము హాస్టల్లో ఉన్నప్పుడు జరిగిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పాలి. మా హాలులో ఒకతని రేకు పెట్టెలోంచి పరీక్ష ఫీజు డబ్బులు పోయాయి. తాళంకప్ప వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి అతని మొలతాడుకే ఉంది. పక్క చాప మీద పడుకునేది ఒక కొత్త పిల్లవాడు, నెల కిందట చేరినవాడు, పెద్దగా మాట్లాడేవాడు కాదు. రాత్రిపూట తాళంచెవి తీసి, మళ్లీ కట్టి ఉంటాడని ఎవరో అన్నారు. గంటలో హాలంతా అదే మాట. మేమూ అన్నాం. అన్నవాళ్లలో మేము లేమని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. అతని పెట్టె బోర్లించి వెతికారు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే రుజువన్నారు, ఎక్కడో దాచాడన్నారు.

రెండు రోజుల తర్వాత, అద్దె షాపు డిటెక్టివ్ పుస్తకాలు తెగ చదివే ఒక సీనియరు ఆ పెట్టెను వెనక్కి తిప్పి చూశాడు. మూతకు వెనక ఉండే బందుల్లో ఒకదాని చీల వదులుగా ఉంది. గోరుతో తోస్తే బయటికి వచ్చేసింది. రెండోది అసలే విరిగి ఉంది. వెనక నుంచి మూత ఎత్తితే చెయ్యి లోపలికి పోతోంది, ముందున్న తాళం కదలడం లేదు. అంటే తాళంచెవితో పనే లేదు. అంటే పక్క చాపవాడితోనూ పనిలేదు. హాలులో ఉన్న నలభై మందిలో ఎవరైనా తీసి ఉండవచ్చు, మాతో సహా. ఆ మాట అనగానే హాలంతా చప్పబడిపోయింది. డబ్బు ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. ఆ పిల్లవాడు మాత్రం అంతకుముందు రోజే ఊరికి పోయాడు. మళ్లీ రాలేదు.

ఆ సీనియరు చదివినవి తెలుగు పుస్తకాలే. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ కథలు. జపాను నవలలు మా చేతికి వచ్చింది చాలా ఏళ్ల తర్వాత. అయినా 'హోంజిన్ హత్యలు' చదువుతుంటే మూడు వేళ్లవాడి దగ్గర మాకు ఆ పక్క చాప గుర్తొచ్చింది. ఈ నవలలు ఏమిస్తాయని అడిగిన తమ్ముడికి మా జవాబు ఇక్కడ ఉంది. ఎవరు అన్న ప్రశ్నకు మన ఊళ్లలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కొన్ని కులాల్లో పుట్టినవాళ్లంతా నేరస్థులేనని కాగితం మీదే రాసింది. అది 1952 దాకా రద్దు కాలేదు. అక్కడ ఎలా అని అడిగే పనే లేదు. మూసిన గది నవల మాత్రం, నువ్వు ఎవరి పేరైనా చెప్పు, ఎలా చేశాడో చెప్పలేకపోతే నీ మాట చెల్లదంటుంది. మంచుమీద అడుగు ఎందుకు లేదో చెప్పకుండా మూడు వేళ్లవాణ్ణి ఉరితీయడానికి వీల్లేదు. ఇంత కచ్చితంగా పేదవాడి పక్షాన నిలబడే నియమం ఇంకో రకం నవలలో మాకు కనబడలేదు. ఆ రచయితలు పేదవాడి కోసమే ఆ నియమం పెట్టారని మేము అనడం లేదు. వాళ్లు ఆట కోసం పెట్టుకున్నారు.

ఆట అన్నాం కాబట్టి దాని రుచి కూడా చెప్పాలి. ఈ రకం నవలను జపానులో హొన్‌కకు అంటారు. పద్ధతిగా, నియమం తప్పకుండా రాసినది అని అర్థం. డిటెక్టివ్ చూసిన ప్రతి ఆధారం పాఠకుడికీ చూపించాలి. వెనక జేబులో ఏదీ దాచకూడదు. 'హోంజిన్ హత్యలు' చివర్లో కథ చెప్పేవాడు, మొదటి పేజీల్లో తాను రాసిన వాక్యాలను ఒకసారి వెనక్కి పోయి చూసుకోమంటాడు. పోయి చూశాం. అబద్ధం ఒక్కటీ లేదు. మేమే తొందరపడి వేరే అర్థం తీసుకున్నాం. మోసపోయినందుకు ఇంత సంతోషం మాకు ఎప్పుడూ కలగలేదు. సోజి షిమాదా 1981లో రాసిన 'టోక్యో జోడియాక్ మర్డర్స్' లో అయితే రచయిత మధ్యలో నేరుగా వచ్చి, ఆధారాలన్నీ మీ ముందు ఉంచాను, ఇక మీరే తేల్చండి అని సవాలు విసురుతాడు. మాలో ఒకరు ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి రెండు రాత్రులు బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నారు. తేల్చలేకపోయారు. ఇంకొకరు ఆగకుండా చదివేశారు. ఇప్పటికీ ఇద్దరికీ మాటపట్టింపే.

ఇంకో పుస్తకం. అకిమిత్సు తకాగి విమానాల కంపెనీలో ఇంజనీరు. యుద్ధంలో దేశం ఓడిపోయింది, ఉద్యోగం పోయింది. ఏం చేయాలో తోచక డిటెక్టివ్ నవల రాసి రాంపోకు పంపాడు. రాంపో మెచ్చుకుని 1948లో అచ్చువేయించాడు. అదే 'పచ్చబొట్టు హత్య'. కాలిపోయిన టోక్యో నగరం, 1947 వేసవి. ఒక ఇంట్లో లోపలి నుంచి గడియ పెట్టిన స్నానాల గది, అందులో నీళ్లు పారుతున్న చప్పుడు. తలుపు తీస్తే తల, కాళ్లు, చేతులు ఉంటాయి, పచ్చబొట్టు ఉన్న మొండెం ఉండదు. కడుపులో తిప్పే కథే. అన్నం తినే ముందు చదవకండి.

ఈ పుస్తకాల మీద విమర్శ లేకపోలేదు. అది చేసినవాడు మామూలువాడు కాదు, మత్సుమోతొ సెయిచో. బీదరికం వల్ల చిన్న చదువుతోనే బడి మాని, ఆఫీసులో బంట్రోతుగా, ప్రెస్సులో పనివాడుగా బతికినవాడు. మన హాస్టల్లో ఉండాల్సిన మనిషి అనిపిస్తుంది. తాళ్లు, చక్రాలు, వింత ఇళ్లు చాలు, అసలు మనుషులు ఎందుకు చంపుతున్నారో, సమాజం ఏం చేస్తోందో రాయాలని అతని వాదన. 1957లో మొదలైన 'పాయింట్స్ అండ్ లైన్స్' నవలతో జపాను పాఠకులు అతని వెంట పోయారు, మూసిన గదులు ఇరవై ఏళ్లకు పైగా వెనకబడిపోయాయి. మా మిత్రుల్లో ఒకరు సెయిచో పక్షమే. మనలాంటివాళ్లు అతన్ని వదిలి ఈ దొరల ఇళ్ల కథలు చదవడమేమిటని కోప్పడతారు.

సెయిచోను మేమూ ఇష్టంగానే చదివాం. కానీ ఆ నవలలో మాకు గుర్తుండిపోయింది ఏమిటి? టోక్యో స్టేషనులో 13వ ప్లాట్‌ఫారం మీద నిలబడితే 15వ ప్లాట్‌ఫారం మీది బండి కనబడేది రోజు మొత్తంలో నాలుగే నాలుగు నిమిషాలు, సాయంత్రం 5.57 నుంచి 6.01 దాకా. మిగతా సమయమంతా మధ్యలో వేరే బండ్లు అడ్డం. ఆ నాలుగు నిమిషాల్లోనే సాక్షులు అక్కడ ఎలా ఉన్నారు? ఇది కూడా గడియే. రైల్వే టైంటేబులుతో చేసిన గడియ. ఎలా అన్నది తేలకపోతే పెద్ద ఆఫీసరును ఎవరూ తాకలేరు. అందుకే ఈ ఇద్దరిలో ఒకరినే ఎంచుకోవాలన్న మాట మాకు సమ్మతం కాదు. మా మిత్రుడు ఒప్పుకోలేదు, ఒప్పుకోడు కూడా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొన్ని కిటుకులు నిజంగా ఎక్కడా జరగవు, రచయిత చెప్పాడని ఒప్పుకోవాలంతే. మనుషులు కొన్నిచోట్ల చదరంగం బల్ల మీద బంట్లలా కదులుతారు. ఆడవాళ్లకు ఈ కథల్లో ఎక్కువగా దొరికేది చావే. 'హోంజిన్ హత్యలు' లో హత్య ఎందుకు జరిగిందో తెలిశాక మాకు చాలా కోపం వచ్చింది. అంత కోపం తెప్పించడం రచయిత గొప్పో, ఆ కాలం తప్పో మాలో మాకే తేలలేదు. చదివి మీరూ కోప్పడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

చదవడానికి పెద్ద అడ్డంకి పేర్లు. కెంజో, రియుజి, సబురో, గింజో అని వరసగా వస్తుంటే ఎవరు ఎవరో తెలియదు. నోట్సు చివరి పేజీలో పేర్లు, వరసలు రాసుకోండి. ఇంటి పటం కూడా గీసుకోండి, తలుపులు ఏ వైపు జరుగుతాయో గుర్తుంటుంది. మేము చదివినవి ఇంగ్లీషు అనువాదాలే. 'ది హోంజిన్ మర్డర్స్' ఇంగ్లీషులోకి 2019లో వచ్చింది. పక్కన డిక్షనరీ పెట్టుకుంటే ఇంటరు విద్యార్థికి కష్టం కాదు, పైగా తర్వాతేమిటన్న ఆత్రంలో డిక్షనరీ తీయడమే మరిచిపోతారు. ఇంగ్లీషు భయం పోవడానికి గ్రామరు పుస్తకం కంటే ఇదే బాగా పనిచేసిందని మాలో ఇద్దరి అనుభవం.

ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పైన చెప్పిన నాలుగు నవలలూ తెచ్చి రీడింగ్ రూములో పెడుతున్నాం. బీరువాలో పెట్టి తాళం వేయవద్దని మనవి. చదివినవాళ్లు పేజీలు మడవకండి, సవాలు పేజీ దగ్గర మాత్రం గుర్తుగా ఒక చీటీ పెట్టండి.

మరొక్క మాట. మా రోజుల్లో అద్దె షాపు నుంచి తెచ్చిన డిటెక్టివ్ పుస్తకంలో మొదటి పేజీ మీదే ఎవరో మహానుభావుడు పెన్సిలుతో హంతకుడి పేరు రాసేవాడు. ఒకసారి అలాగే రాసి ఉంటే తిట్టుకుంటూ చదివాం. ఆ పేరుగలవాడి ప్రతి మాటనూ అనుమానించాం, వాడు నవ్వినా అనుమానించాం, ఏడ్చినా అనుమానించాం. చివరి పేజీకి వస్తే హంతకుడు వాడు కాదు. కాబట్టి తమ్ముళ్లూ, మీకు కూడా రాయాలనే అనిపిస్తే, దయచేసి తప్పు పేరే రాయండి.